2048 ఆటలో 512 దగ్గరే ఎందుకు ఆగిపోతున్నారు?

ప్రశ్న: ఆఫీసులో టీ విరామంలో పది నిమిషాలు 2048 ఆడతాను. చాలాసార్లు 512 దగ్గర, ఎప్పుడైనా ఒకసారి 1024 దగ్గర బోర్డు నిండిపోయి ఓడిపోతాను. ఇది అదృష్టం మీద నడిచే ఆటా, లేక నేనే సరిగా ఆడటం లేదా? పైగా పది నిమిషాలు అనుకున్నది అరగంట అవుతోంది. ఫోన్‌లోంచి తీసేయమంటారా?

జవాబు:

తీసేయక్కర్లేదు. ఇది అదృష్టం మీద నడిచే ఆట కూడా కాదు. మీరు ఓడిపోవడానికీ, విరామం సాగిపోవడానికీ కారణం ఒకటే అని నా అభిప్రాయం. పూర్తి ఆట పది నిమిషాల్లో పట్టదు. మీరేమో పట్టించాలని చూస్తున్నారు. 2014లో ఈ ఆట వచ్చినప్పటినుంచీ ఆడుతున్నాను. ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లల చేత మొదటి ప్రాజెక్టుగా దీన్నే రాయిస్తుంటాను కూడా. అందుకని కొంచెం వివరంగానే చెప్తాను.

ముందు లెక్క చూద్దాం. బోర్డు మీద 16 గడులు. వేలితో ఒక వైపుకి జరిపితే (అదే స్వైప్) నంబర్లన్నీ అటు జరుగుతాయి, పక్కపక్కనున్న సమానమైనవి కలిసి ఒకటవుతాయి. అలా కలుపుతూ 2048 తయారు చేయడమే ఆట. మీరు స్వైప్ చేసిన ప్రతిసారీ ఖాళీ గడుల్లో ఏదో ఒకదాంట్లో కొత్త నంబరు వస్తుంది. అది పదింటిలో తొమ్మిదిసార్లు 2, ఒకసారి 4. అంటే సగటున స్వైపుకు 2.2 వచ్చి చేరుతోంది. రెండు నంబర్లు కలిసినప్పుడు బోర్డు మీది మొత్తం మారదు, 8, 8 కలిస్తే 16 అంతే. కాబట్టి 2048 తయారవ్వాలంటే కనీసం 2048 విలువైన చిన్న నంబర్లు మీ బోర్డు మీదికి వచ్చి ఉండాలి. 2048ని 2.2తో భాగిస్తే సుమారు 930. ఎంత గొప్పగా ఆడేవాళ్ళయినా ఇంచుమించు అన్ని స్వైపులు చేయాల్సిందే, దగ్గరి దారి లేదు. సెకనుకు ఒక స్వైపు చొప్పున ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఆడినా పదిహేను నిమిషాలు దాటుతుంది.

ఇదే లెక్క ఇంకో సంగతి కూడా చెప్తుంది. 1024 రాగానే ఇంకొక్క అడుగే మిగిలిందనిపిస్తుంది. నిజానికి అక్కడికి సగం ఆటే అయింది. 512 అంటే పావు వంతు. మీ పది నిమిషాల్లో కాస్త ఆలోచిస్తూనే వేగంగా ఆడితే చేరగలిగేది ఆ పావుకీ సగానికీ మధ్యలో ఎక్కడో. 256 వరకు ఏమీ ఆలోచించకుండా ఎడమకీ కిందికీ మార్చి మార్చి జరుపుతూ పోయినా పని నడుస్తుంది. ఆ తర్వాత నడవదు. అంతవరకు అలవాటైన వేగాన్ని అక్కడ తగ్గించకపోవడం వల్లే చాలామంది 512 దగ్గర ఇరుక్కుంటారు.

ఆడేవాళ్ళలో చాలామంది గమనించని నియమాలు కొన్ని ఉన్నాయి. ఒక స్వైపులో ఒక నంబరు ఒక్కసారే కలుస్తుంది. వరుసలో 2 2 4 ఉంటే ఎడమకి జరిపితే 4 4 అవుతుంది, నేరుగా 8 అవ్వదు. 8 8 8 ఉంటే మీరు ఎటు జరిపితే అటువైపు రెండూ కలుస్తాయి. ఎడమకి జరిపితే 16 8, కుడికి జరిపితే 8 16. ఏ నంబరూ కదలని స్వైపుకు కొత్త నంబరు రాదు, అసలు అది లెక్కలోకే రాదు. ఈ మూడోదే మొత్తం పద్ధతికి ఆధారం. ఎందుకో చెప్తాను.

పెద్ద నంబరుని ఒక మూలలో పెట్టాలని మీకు ఎవరో చెప్పే ఉంటారు. ఎడమ వైపు కింది మూల అనుకుందాం. ఆ మాట అందరూ వింటారు, కానీ అక్కడ నిలబెట్టేది ఏమిటన్నది వినరు. కింది వరుస నాలుగు గడులూ నిండి, పక్కపక్కన సమానమైనవి లేకపోతే, ఎడమకి జరిపినా కుడికి జరిపినా ఆ వరుస కదలదు. అప్పుడు మీకు మూడు దిక్కులు స్వేచ్ఛగా దొరుకుతాయి: ఎడమ, కుడి, కింద. కింది వరుసలో ఒక్క గడి ఖాళీ అయినా కుడి దిక్కు ప్రమాదం. మూలలోని పెద్ద నంబరు పక్కకి జరిగి, ఖాళీ అయిన మూలలో 2 వచ్చి కూర్చోవచ్చు. కాబట్టి ప్రతి స్వైపుకి ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే, కింది వరుస నిండుగా, పక్కపక్కన సమానాలు లేకుండా ఉందా? ఉంటే మూడు దిక్కులు. లేకపోతే ఎడమ, కింద మాత్రమే. ఈ ఒక్క అలవాటుతోనే 512 దాటేస్తారు.

తర్వాతిది క్రమం. కింది వరుసలో ఎడమ నుంచి కుడికి తగ్గుతూ రావాలి. రెండో వరుస ఆ కుడి చివర నుంచి మొదలై ఎడమ వైపుకి తగ్గాలి. మూడోది మళ్ళీ ఎడమ నుంచి. పాము మెలికలు తిరిగినట్టు. గెలిచే ముందు బోర్డు ఇలా ఉందనుకోండి. కింది వరుస 1024, 512, 256, 128. దాని మీద 128 పైన 64, అక్కడినుంచి ఎడమకి 32, 16, 8. మూడో వరుసలో ఎడమ నుంచి 4, 2, 2. ఇప్పుడు ఎడమకి జరిపితే 2, 2 కలిసి 4. మళ్ళీ ఎడమకి జరిపితే 8. కిందికి లాగితే 8 మీద 8 పడి 16. ఇప్పుడు రెండో వరుస 16, 16, 32, 64. కుడికి మూడుసార్లు జరిపితే 32, 64, 128 అవుతూ పోతుంది. కింది వరుస నిండుగా ఉంది కాబట్టి కుడికి జరిపినా భయం లేదు. కిందికి లాగితే 128, 128 కలిసి 256. ఇక ఎడమకి మూడుసార్లు: 512, 1024, 2048. మొత్తం పది స్వైపులు. మధ్యలో కొత్త నంబర్లు పడుతుంటాయి కనుక ఎప్పుడూ ఇంత శుభ్రంగా జరగదు. అయినా చేరాల్సిన ఆకారం ఇది అని తెలిస్తే మొదటి నుంచీ దానివైపే నడిపిస్తారు.

ఈ వరుసకి ఎన్ని గడులు పట్టాయో చూడండి. 1024 నుంచి 2 దాకా పది, ఇంకో 2, మొత్తం పదకొండు. మీకు మిగిలింది అయిదు గడులు. 512 కోసం ఆడుతున్నప్పుడు ఇదే వరుసకి తొమ్మిది గడులు చాలు, ఏడు ఖాళీగా ఉంటాయి. అంటే పైకి వెళ్ళేకొద్దీ పనిచేసే చోటు తగ్గుతోంది, తప్పు చేసే అవకాశం ఇచ్చే గడులు పోతున్నాయి. 1024 వచ్చాక ఆట ఒక్కసారిగా కష్టమైనట్టు అనిపించేది ఇందుకే.

పైకి జరపాల్సి వస్తే ఏం చేయాలన్నది అందరూ అడుగుతారు. "పైకి జరిపి వెంటనే కిందికి లాగెయ్" అన్నది మామూలుగా వినిపించే సలహా. నేను అలా చెప్పను. నిజంగా పైకి తప్ప దారి లేదంటే అర్థమేమిటి? ఎడమకీ కుడికీ ఏదీ కదలడం లేదంటే ప్రతి అడ్డు వరుసా పూర్తిగా నిండి అయినా ఉండాలి, పూర్తిగా ఖాళీ అయినా అయి ఉండాలి. కిందికీ కదలడం లేదంటే నిండిన వరుసలన్నీ కిందే ఉన్నట్టు. ఇప్పుడు పైకి జరిపితే ఆ వరుసలు చెక్కుచెదరకుండా పైకి వెళ్తాయి. కొత్త నంబరు వాటి కింద ఎక్కడో పడుతుంది. మళ్ళీ కిందికి లాగితే ఆ నిలువు వరుసలో మీ నంబర్లు దాని మీద ఎక్కి కూర్చుంటాయి. నాలుగు నిలువు వరుసల్లో ఒకటి తప్పకుండా పాడవుతుంది.

అందుకే, నిండిన వరుస ఒక్కటే ఉంటే అసలు కిందికి లాగకండి. ఆ వరుస ఇప్పుడు పై అంచున క్షేమంగా ఉంది. అక్కడే ఉంచి, ఇక నుంచి పై ఎడమ మూలనే మీ మూల అనుకుని తిరగేసి ఆడండి. ఏ నష్టమూ లేదు. ఆట మొదట్లో ఇది తరచు ఎదురవుతుంది. రెండు వరుసలు నిండి ఉంటే మాత్రం కిందికి లాగక తప్పదు. మూల పాడయ్యే అవకాశం నాలుగింటిలో ఒక వంతు.

ఆ ఒక వంతే మీకు తగిలింది, 512 కింద మూలలో 2 దూరింది అనుకుందాం. చాలామంది అక్కడితో ఆట వదిలేస్తారు. వదలకండి. రెండో వరుస నిండుగా, పక్కపక్కన సమానాలు లేకుండా ఉంచుకోండి. కింది వరుసలో ఎక్కడైనా రెండు సమానమైనవి పక్కపక్కకి వచ్చేదాకా ఓపిక పట్టండి. వచ్చాక ఎడమకి కాదు, కుడికి జరపండి. రెండో వరుస కదలదు, కింది వరుస కలిసి కుడికి జరుగుతుంది, మూల ఖాళీ అవుతుంది. వెంటనే కిందికి లాగితే 512 తన చోటికి దిగుతుంది. కొత్త నంబరు సరిగ్గా ఆ మూలలోనే పడితే తప్ప ఇది పనిచేస్తుంది. బోర్డు మీద మరో నాలుగైదు గడులు ఖాళీగా ఉన్నప్పుడు చేస్తే ఆ ముప్పు తక్కువ. ఆ 2 ఇంకా కింది వరుసలోనే ఉంటుంది, కానీ మూలలో ఉన్నంత హాని చేయదు.

ఇక అన్నిటికంటే ఎక్కువ ఆటలు పోయే క్షణం గురించి. అది బోర్డు కిక్కిరిసినప్పుడు కాదు. వరుసగా నాలుగైదు కలిసిపోయి, బోర్డు ఒక్కసారి ఖాళీ అయిన వెంటనే. 64, 64 కలిసి 128, అది ఇంకో 128తో కలిసి 256, అలా ఎడమకి కూలిపోతూ మూలలో ఒక పెద్ద నంబరు నిలుస్తుంది. చూడటానికి ఎంతో బాగుంటుంది. వేలు ఆ ఊపులోనే ఉంటుంది. కానీ ఇప్పుడు కింది వరుసలో మూల తప్ప మిగతా మూడు గడులూ ఖాళీ. ఆ ఊపులో ఒక్కసారి కుడికి జరిగిందా, అంతవరకు కట్టింది పోయినట్టే. ఆ క్షణంలో రెండే దిక్కులు ఉన్నాయని గుర్తుంచుకోండి. ఎడమ, కింద. కింది వరుస మళ్ళీ నిండేదాకా అంతే.

2 కోసం ఎదురుచూస్తుంటే 4 వచ్చి పడటం అనే అదృష్టం మాట నిజమే. పదింటిలో ఒకసారి అది జరుగుతుంది. ఒక్క 4 వస్తే కూలిపోయేలా పథకం వేసుకుంటే అది పథకం లోపమే. ఇందుకు గట్టి ఆధారం ఉంది. ఆట వచ్చిన కొద్దికాలానికే ప్రోగ్రామర్లు దీన్ని కంప్యూటర్ చేత ఆడించడం మొదలుపెట్టారు. స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రోగ్రామర్ల వేదికలో ఒకరు పెట్టిన ప్రోగ్రాము 100 ఆటలు ఆడితే 100 ఆటల్లోనూ 2048 చేరింది, ఎక్కువ ఆటల్లో 16384 కూడా చేరింది. దానికి వచ్చే నంబర్లు కూడా మనకి వచ్చేలాంటివే, 2 గానీ 4 గానీ ఎక్కడ పడతాయో దానికీ తెలియదు. అది కొన్ని అడుగుల ముందుకి చూసి, ఎక్కడ ఏది పడొచ్చో సగటు తీసి, బోర్డుకి మార్కులు వేస్తుంది. వేటికి మార్కులు? ఖాళీ గడులకి, వరుసలో నంబర్లు ఒకే వైపు తగ్గుతూ పోవడానికి, కలవడానికి సిద్ధంగా ఉన్న జంటలకి. పైన నేను చెప్పినవే. మనకి దానంత ముందుచూపు అక్కర్లేదు, 2048కి దాని క్రమశిక్షణలో కొంత చాలు. ఈ బోర్డు మీద సిద్ధాంతపరంగా సాధ్యమైన అతి పెద్ద నంబరు 131072. 2048 దాని ముందు చాలా చిన్న లక్ష్యం.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, ఫోన్‌లోంచి తీసేయాలా అన్నది. ఈ ఆటని 2014 మార్చిలో గాబ్రియెలె సిరుల్లి అనే ఇటలీ కుర్రాడు 19 ఏళ్ళ వయసులో ఒక వారాంతంలో రాశాడు. వారం తిరక్కుండా 40 లక్షల మంది వచ్చి చూశారు. కోడ్ అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు, ఇవాళ యాప్ స్టోర్లలో ఇన్ని రకాల 2048లు కనిపించడానికి కారణాల్లో అదొకటి. (దీనికి మూలమైన ఆలోచన అంతకు నెల ముందు, 2014 ఫిబ్రవరిలో వచ్చిన 'త్రీస్' అనే ఆటది. ఆషర్ వోల్మర్, గ్రెగ్ వోల్‌వెండ్ దాన్ని ఏడాదికి పైగా చెక్కారు. ఆ శ్రమకి రావలసినంత పేరు రాలేదని నా బాధ. 2048 చేయి తిరిగాక తప్పకుండా అది ఆడి చూడండి, ఇంకా లోతైన ఆట.) అదే ఫిబ్రవరిలో వియత్నాంలో డాంగ్ న్గుయెన్ తన 'ఫ్లాపీ బర్డ్'ని జనానికి వ్యసనంగా మారిందంటూ స్టోర్ల నుంచి తీసేశాడు. 2048, ఫ్లాపీ బర్డ్ రెండూ ఒక వేలితో ఆడేవే, రెండూ క్షణంలో మళ్ళీ మొదలయ్యేవే. కానీ ఒక పెద్ద తేడా ఉంది. ఫ్లాపీ బర్డ్‌లో ఒక్క క్షణం వేలు ఆగితే పక్షి పడిపోతుంది. 2048లో గడియారం లేదు. మీరు కదపనంత వరకు బోర్డు కదలదు. యాప్ మూసేసి రేపు తెరిచినా అక్కడే ఉంటుంది. సిరుల్లి రాసిన వెబ్ ఆట కూడా మీ బ్రౌజర్‌లోనే బోర్డుని దాచిపెడుతుంది. మీరు వాడే యాప్ దాస్తోందో లేదో ఒకసారి పూర్తిగా మూసి తెరిచి చూసుకోండి. దాచకపోతే దాన్ని తీసేసి దాచేది పెట్టుకోండి. విరామంలో ఆడేవాళ్ళకి ఇంతకంటే ముఖ్యమైన సౌకర్యం లేదు.

మీ అరగంట ఎక్కడికి పోతోందో గమనించండి. ఆలోచిస్తూ ఆడే భాగంలో కాదు. ఓడిపోగానే "కొత్త ఆట" నొక్కి, మళ్ళీ మొదటి వంద స్వైపులు వేలు దానంతటదే ఆడేస్తుందే, అక్కడ. ఆ భాగంలో నేర్చుకునేది ఏమీ లేదు, మనసుకి విశ్రాంతీ లేదు. కాబట్టి ఒకటి కచ్చితంగా పాటించమంటాను. ఓడిపోతే ఆ విరామానికి ఆట అయిపోయినట్టే. కొత్తది తర్వాతి విరామంలో.

ఓడిపోని రోజుల కోసం ఒక పంపకం చెప్తాను. 512 కట్టడానికి సుమారు 233 స్వైపులు పడతాయి. రెండున్నర సెకన్లకి ఒక స్వైపు చొప్పున, అంటే ప్రతిసారీ కింది వరుస చూసుకుని నిదానంగా ఆడితే, అది పది నిమిషాలకి కొంచెం తక్కువ. మీ విరామం సరిగ్గా అంతే. మొదటి విరామంలో 512 చేసి ఆపండి. రెండోదాంట్లో 1024. మూడోదాంట్లో దాని పక్కన ఇంకో 512. నాలుగోదాంట్లో 2048. రోజుకి రెండు విరామాలయితే రెండు రోజులకి ఒక ఆట. ఆపాల్సిన చోటు కూడా దానంతటదే వస్తుంది. 512 తయారయ్యేది ఇందాక చెప్పిన ఆ కూలిపోయే క్షణంలోనే. బోర్డు ఖాళీగా, వేలు ఊపులో ఉండే ఆ అపాయకరమైన క్షణంలో ఫోన్ జేబులో పెట్టేస్తే ఆట కూడా కాపాడుకున్నవాళ్ళవుతారు. తర్వాత తెరిచినప్పుడు ఆ ఊపు ఉండదు, బోర్డు కొత్తగా కనిపిస్తుంది, కుడికి జరపకూడదని గుర్తుంటుంది.

కొన్ని యాప్‌లలో వెనక్కి తీసుకునే బటన్ ఉంటుంది. నేర్చుకునే రోజుల్లో దాన్ని వాడటం తప్పు కాదు. పైకి జరిపితే ఏమవుతుందో, కుడికి జరిపితే ఏమవుతుందో వెనక్కి తీసుకుని మళ్ళీ చూడటం మంచి పాఠం. కానీ దానికోసం ప్రకటన చూడమని అడిగే యాప్ అయితే వద్దు. పది నిమిషాల్లో అరనిమిషం ప్రకటనలు నాలుగు చూస్తే రెండు నిమిషాలు పోయినట్టే. కొన్ని నకళ్ళలో 4లు ఎక్కువగా వస్తాయి, కొన్నింట్లో బోర్డు 5 గడుల వెడల్పు ఉంటుంది. అక్కడ గెలవడం తేలిక, కానీ అక్కడి అలవాటు నాలుగు గడుల బోర్డు మీద అక్కరకి రాదు. ముందు 4×4 మీదే కూర్చోండి.

ఈ వారం ఒక్క పనే చేయండి. కింది వరుస నిండి ఉందా అని చూసుకోకుండా కుడికి జరపకండి. మిగతావన్నీ తర్వాత. 1024 దగ్గర మళ్ళీ ఇరుక్కుంటే ఆ బోర్డు స్క్రీన్‌షాట్ ఇక్కడే పెట్టండి, ఏ స్వైపు దగ్గర దారి తప్పిందో కలిసి చూద్దాం.